మరణానంతర అపకీర్తి – జీవితచరిత్ర రచన: ఎరిక్ గిల్, జిమ్మీ సావిల్, జార్జ్ బెల్ ఉదంతాల పరిశీలన

వ్యాససంగ్రహం

జీవించి ఉన్నంతకాలం గౌరవాదరాలు పొంది, మరణించిన తరువాత తీవ్రమైన నేరారోపణలకు గురైన ప్రముఖుల జీవితాలను చరిత్రకారుడు ఎలా రాయాలన్నది ఈ వ్యాసం చర్చించే సమస్య. ఇరవయ్యో శతాబ్దపు బ్రిటన్‌కు చెందిన ముగ్గురి ఉదంతాలను ఇందుకు ఆధారంగా తీసుకుంటున్నాను. వారు శిల్పి ఎరిక్ గిల్, ప్రసార ప్రముఖుడు జిమ్మీ సావిల్, క్రైస్తవ మతాధిపతి జార్జ్ బెల్. ఆధారాల బలాన్ని బట్టి చూస్తే ఈ మూడూ మూడు భిన్నమైన సందర్భాలు. వ్యక్తి జీవిత కాలక్రమంతో పాటు, అతని చర్యలు ఎవరికి ఎప్పుడు తెలిశాయో, తెలిసినవారు ఏం చేశారో చెప్పే మరొక కాలక్రమాన్ని కూడా జీవితచరిత్రలో సమాంతరంగా నడపాలని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఈ రెండవదానిని ‘ఎరుక కాలక్రమం’ అని వ్యవహరిస్తున్నాను. తెలుగులో ఇటువంటి రచన చేసేటప్పుడు ఎదురయ్యే పదప్రయోగ సమస్యలను, భారతీయ చట్టపరమైన పరిమితులను కూడా సంగ్రహంగా చర్చిస్తున్నాను.

కీలక పదాలు: జీవితచరిత్ర, మరణానంతర అపకీర్తి, ఆధార విమర్శ, బాధితుల వాంగ్మూలం, ఎరుక కాలక్రమం, పదప్రయోగ ఔచిత్యం.

1. ఉపోద్ఘాతం

‘చచ్చినవాని కండ్లు చారెడు’ అని మనకొక సామెత ఉంది. బతికి ఉండగా మామూలుగా కనిపించిన కళ్ళు, మనిషి పోయాక చారెడంత ఉండేవని చెప్పుకోవడం లోకసహజం. స్మారక సంచికలు, సంస్మరణ వ్యాసాలు, నివాళి ప్రసంగాలు చాలావరకు ఈ స్వభావంతోనే పుడతాయి. జీవితచరిత్రకారునికి మొదట చేతికందే సామగ్రి కూడా తరచుగా అదే. ప్రముఖుని కుటుంబం ఇచ్చిన ఉత్తరాలు, శిష్యులు చెప్పిన జ్ఞాపకాలు, సంస్థలు ప్రచురించిన సంచికలు ఒక పక్షానికి చెందిన సాక్ష్యాలు. వాటిలో అబద్ధం లేకపోవచ్చు. కాని లేనిదేమిటో వాటిని బట్టి తెలియదు.

ఇందుకు పూర్తిగా విరుద్ధమైన సందర్భం కూడా ఉంది. మనిషి పోయిన తరువాత అతని ఘోరకృత్యాలు బయటపడతాయి. నిన్నటి నివాళులు నేడు సిగ్గుపడవలసిన పత్రాలవుతాయి. విగ్రహాలు తొలగుతాయి, వీధుల పేర్లు మారతాయి. అప్పుడు జీవితచరిత్రకారుని ముందు సాధారణంగా మూడు దారులు కనిపిస్తాయి. మొదటిది, పాత కథనాన్ని యథాతథంగా ఉంచి చివర ‘వివాదాలు’ అనే అధ్యాయాన్ని చేర్చడం. రెండవది, జీవితమంతటినీ తిరగరాసి పుట్టుకనుంచే రాక్షసుడిగా చిత్రించడం. మూడవది, ‘కళ వేరు, కళాకారుడు వేరు’ అంటూ ప్రశ్ననే దాటవేయడం. ఈ మూడూ చరిత్ర రచనగా లోపభూయిష్ఠమైనవేనని నా అభిప్రాయం. మొదటిది నేరాన్ని జీవితం నుంచి వేరుచేస్తుంది. రెండవది సమాజాన్ని నేరం నుంచి విముక్తం చేస్తుంది. మూడవది జీవితచరిత్రనే అనవసరం చేస్తుంది.

2. ఎరిక్ గిల్: డైరీలలో ఉన్నది, జీవితచరిత్రలో లేనిది

ఎరిక్ గిల్ (1882–1940) ఆధునిక బ్రిటిష్ శిల్పులలోను, అక్షరశిల్పులలోను ప్రసిద్ధుడు. లండన్ వెస్ట్‌మిన్‌స్టర్ కెథీడ్రల్‌లో క్రీస్తు శిలువయాత్రను చూపే 14 శిలాఫలకాలను 1914–18 మధ్య చెక్కాడు. బీబీసీ ప్రధాన భవనం ముఖద్వారం మీద ఉన్న ‘ప్రోస్పెరో–ఏరియల్’ శిల్పం అతనిదే. ముద్రణారంగంలో నేటికీ వాడుకలో ఉన్న ‘గిల్ సాన్స్’ అక్షరాలను రూపొందించినవాడు కూడా అతడే. భారతీయ కళాచరిత్ర విద్యార్థులకు అతనితో మరో పరిచయం ఉంది. ఆనంద కుమారస్వామి భారతీయ శిల్పకళా నమూనాలతో 1914లో వెలువరించిన ‘విశ్వకర్మ’ గ్రంథానికి పీఠిక రాసినది గిల్. కుమారస్వామి ఆలోచనల ప్రభావాన్ని అతడు తరువాత కూడా స్మరించుకున్నాడు.

గిల్ కేవలం శిల్పి కాదు, ఒక జీవనవిధానానికి ప్రచారకుడు కూడా. 1913లో కేథలిక్ మతాన్ని స్వీకరించాడు. యంత్రనాగరికతకు దూరంగా, కుటుంబమూ వృత్తీ ప్రార్థనా ఒకే ఆవరణలో సాగాలని బోధించాడు. ససెక్స్‌లోని డిచ్లింగ్‌లో, తరువాత వేల్స్ కొండల నడుమ కాపెల్-ఇ-ఫిన్‌లో, ఆ తరువాత బకింగ్‌హామ్‌షైర్‌లోని పిగట్స్‌లో అటువంటి సమష్టి నివాసాలను నడిపాడు. 1940లో వెలువడిన అతని ఆత్మకథ ఈ ఆదర్శాన్నే ప్రధానంగా చెప్పింది.

1966లో రాబర్ట్ స్పైట్ రాసిన గిల్ జీవితచరిత్ర వెలువడింది. 1989లో ఫియోనా మెకార్తీ మరో జీవితచరిత్ర ప్రచురించారు. ఈ రెండు పుస్తకాల మధ్య వ్యత్యాసమే ఇక్కడ మనకు ప్రధానం. గిల్ ప్రతిరోజూ డైరీ రాసేవాడు. చేసిన పని వివరాల పక్కనే తన లైంగిక చర్యలను కూడా అతడు నమోదు చేసుకున్నాడు. కౌమారంలో ఉన్న తన ఇద్దరు పెద్ద కుమార్తెలపై తాను చేసిన లైంగిక అత్యాచారం ఆ డైరీలలో ఉంది. సొంత చెల్లెళ్ళతో సంబంధాలు కూడా ఉన్నాయి. ఆ డైరీలు ఇప్పుడు లాస్ ఏంజెలిస్‌లోని క్లార్క్ స్మారక గ్రంథాలయంలో ఉన్నాయి. స్పైట్ పుస్తకంలో ఈ విషయాల ప్రస్తావనే లేదు. మెకార్తీ వాటిని బయటపెట్టారు. అంటే గిల్ చనిపోయిన 49 ఏళ్ళకు అతని పేరు మారింది. మార్చినది కొత్తగా పుట్టిన సాక్ష్యం కాదు. సాక్ష్యం అతడు బతికి ఉన్ననాటి నుంచీ అతని చేతిరాతలోనే ఉంది.

‘ఇది వ్యక్తిగత విషయం, శిల్పానికి సంబంధం లేదు’ అనే సమాధానం గిల్ విషయంలో చెల్లదు. అతడు లోకానికి ఆదర్శంగా చూపించినది తన ఇంటినే. ఆ ఇంటి ఏకాంతం, పిల్లలను బడికి పంపక ఇంట్లోనే చదివించడం, తండ్రి మాటకు ఎదురులేని కుటుంబవ్యవస్థ అతని సిద్ధాంతంలో భాగాలు. ఆ పరిస్థితులలోనే నేరం జరిగింది. కాబట్టి గిల్ సిద్ధాంతాలను వివరించే అధ్యాయంలోనే ఆ ఇంట్లో ఏం జరిగిందో కూడా చెప్పవలసి ఉంటుంది. చివరి అధ్యాయానికి వాయిదా వేస్తే సిద్ధాంతమే తప్పుగా అర్థమవుతుంది.

మెకార్తీ పుస్తకానికి చారిత్రక ప్రాధాన్యం ఉంది. అయినా అందులో ప్రధానమైన ఆసక్తి గిల్ స్వభావంలోని వైరుధ్యమే. ఆ పిల్లల బాల్యం ఎలా గడిచిందన్న ప్రశ్నకు తరువాతి కాలంలోనే ఎక్కువ చోటు దొరికింది. 2017లో డిచ్లింగ్ మ్యూజియం గిల్ శిల్పాలలోని మానవదేహాన్ని కేంద్రంగా తీసుకుని ఒక ప్రదర్శన ఏర్పాటు చేసి, నేరవిషయాన్ని దాచకుండా సందర్శకుల ముందు ఉంచింది. 2022లోను, 2023లోను బీబీసీ భవనం మీది శిల్పంపై సుత్తితో దాడులు జరిగాయి. ఒక జీవితచరిత్ర వెలువడిన మూడు దశాబ్దాల తరువాత కూడా సమాజం ఆ సమాచారాన్ని ఎలా ఇముడ్చుకోవాలో తేల్చుకోలేదని ఈ ఘటనలు తెలుపుతున్నాయి.

3. జిమ్మీ సావిల్: కీర్తే సాధనమైన వైనం

జిమ్మీ సావిల్ (1926–2011) లీడ్స్ నగరంలో పుట్టాడు. 1964 జనవరి 1న బీబీసీ ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ తొలి ప్రసారానికి వ్యాఖ్యాత అతడే. 1975 నుంచి 1994 వరకు పిల్లల కోరికలు తీర్చే ‘జిమ్ విల్ ఫిక్స్ ఇట్’ కార్యక్రమాన్ని నడిపాడు. ఆసుపత్రులకు, ధర్మకార్యాలకు సుమారు 4 కోట్ల పౌండ్లు సేకరించినవాడని పేరు పొందాడు. 1990లో బ్రిటిష్ ప్రభుత్వం నుంచి, పోప్ నుంచి కూడా నైట్ హోదాలు అందుకున్నాడు. 2011 అక్టోబరు 29న మరణించినప్పుడు లీడ్స్‌లో అతని శవపేటికను ప్రజల సందర్శనార్థం ఉంచారు.

2012 అక్టోబరు 3న ఐటీవీ ప్రసారం చేసిన పరిశోధనాత్మక కార్యక్రమంలో పలువురు మహిళలు, తాము బాలికలుగా ఉన్నప్పుడు సావిల్ తమపై చేసిన లైంగిక దాడులను వివరించారు. వారం తిరగకుండానే స్కార్‌బరో శ్మశానంలోని అతని సమాధి ఫలకాన్ని తొలగించారు. పోలీసులు, బాలల సంరక్షణ సంస్థ కలిసి 2013 జనవరిలో ఇచ్చిన నివేదిక ప్రకారం 450 మంది అతని గురించి సమాచారం ఇవ్వగా, 214 నేరాలు నమోదయ్యాయి. అవి 1955 నుంచి 2009 వరకు విస్తరించాయి. బాధితులలో నూటికి 73 మంది 18 ఏళ్ళలోపువారు. ఆ తరువాత ఆసుపత్రుల విచారణలు వచ్చాయి. లీడ్స్ ఆసుపత్రిలో 5 నుంచి 75 ఏళ్ళ వయసుగల 60 మంది తాము బాధితులమని చెప్పారు. బీబీసీ నియమించిన జానెట్ స్మిత్ విచారణ 2016లో, ఆ సంస్థ పనితో ముడిపడిన సందర్భాలలోనే 72 మంది బాధితులున్నట్లు తేల్చింది.

ఇక్కడ సాక్ష్యం గిల్ డైరీల వంటిది కాదు. సావిల్ ఏ కోర్టులోను విచారణ ఎదుర్కోలేదు, ఎదురు ప్రశ్నలకు జవాబు చెప్పలేదు. 450 మంది ఇచ్చిన సమాచారంలో ప్రతి అంశాన్నీ న్యాయస్థాన ప్రమాణంతో పరీక్షించడం సాధ్యం కాలేదు. కాని ఒకరితో ఒకరికి పరిచయం లేనివారు వేర్వేరు ఊళ్ళ నుంచి, వేర్వేరు దశాబ్దాల గురించి చెప్పిన విషయాలు ఒకే తీరును సూచించాయి. వాటిని పలు స్వతంత్ర విచారణలు వేర్వేరుగా పరిశీలించాయి. చరిత్రకారునికి ఇది బలమైన ఆధారం.

సావిల్ ఉదంతంలో మరింత ముఖ్యమైన విషయం మరొకటి ఉంది. అతని నేరాలకు వీలు కల్పించినది అతని కీర్తే. టీవీ కార్యక్రమం పిల్లలను అతని దగ్గరకు తెచ్చింది. ధర్మకార్యాలు ఆసుపత్రుల తలుపులు తెరిచాయి. మానసిక రోగులైన నేరస్థులను ఉంచే బ్రాడ్‌మూర్ ఆసుపత్రిలో అతని వద్ద తాళాలుండేవి. 1988లో ప్రభుత్వం ఆ ఆసుపత్రి నిర్వహణ బృందంలో అతనికి స్థానం ఇచ్చింది. ఫిర్యాదు చేస్తే నమ్మేవారుండరన్న భయాన్ని బాధితులలో కలిగించినది కూడా ఆ పేరే.

‘చంద్రునిలో మచ్చ’ అనే మన అలవాటైన ఉపమానం ఇక్కడ ఎందుకు పనికిరాదో దీనివల్ల స్పష్టమవుతుంది. మచ్చను పక్కనపెట్టి వెన్నెలను మెచ్చుకోవచ్చునని ఆ ఉపమానం సూచిస్తుంది. సావిల్ విషయంలో సత్కార్యాలను ఒక పట్టికగాను, దుష్కార్యాలను మరో పట్టికగాను రాసి తూకం వేయడం కుదరదు. ఆసుపత్రికి విరాళం తెచ్చిన రోజు, రోగిపై దాడి చేసిన రోజు ఒకే రోజు కావచ్చు. మొదటిది రెండవదానికి దారి.

4. జార్జ్ బెల్: అపకీర్తికి కూడా ఆధారం కావాలి

పై రెండు ఉదంతాలను మాత్రమే చూస్తే, మరణానంతరం వచ్చిన ప్రతి ఆరోపణనూ వెంటనే జీవితచరిత్రలోకి నిర్ధారణగా తీసుకోవాలనే పొరపాటు నిర్ణయానికి రావచ్చు. జార్జ్ బెల్ (1883–1958) ఉదంతం ఆ పొరపాటును నివారిస్తుంది. అతడు 1929 నుంచి దాదాపు మరణం దాకా చిచెస్టర్ బిషప్. హిట్లర్‌ను వ్యతిరేకించిన జర్మన్ క్రైస్తవులకు అండగా నిలిచాడు. 1944లో జర్మన్ నగరాల మీద విచక్షణారహితంగా బాంబులు వేయడాన్ని ప్రభువుల సభలో ఖండించాడు.

2015 అక్టోబరులో ఇంగ్లండ్ చర్చి ఒక ప్రకటన చేసింది. బెల్ తన చిన్నతనంలో తనపై లైంగిక అత్యాచారం చేశాడని ఒక మహిళ ఫిర్యాదు చేసినట్లు, ఆమెకు క్షమాపణ, పరిహారం ఇచ్చినట్లు తెలిపింది. వెంటనే అతని పేరుతో ఉన్న భవనానికి పేరు మార్చారు. అయితే ఆ నిర్ణయం తీసుకున్న విధానాన్ని పరిశీలించిన లార్డ్ కార్లైల్ నివేదిక 2017 డిసెంబరులో వెలువడింది. చర్చి తొందరపడిందని, బెల్ పక్షాన చెప్పదగిన అంశాలను సరిగా విచారించలేదని ఆ నివేదిక విమర్శించింది. ఆ తరువాత వచ్చిన మరికొన్ని ఆరోపణలు నిరాధారాలని 2019లో తేలింది. 2021 నవంబరులో కాంటర్‌బరీ ఆర్చిబిషప్ బెల్ గురించి తాను గతంలో అన్న మాటలకు క్షమాపణ చెప్పారు.

ఇక్కడ ఒక సూక్ష్మాంశాన్ని గుర్తించాలి. మొదటి ఫిర్యాదు నిజమా, అబద్ధమా అని తేల్చడం కార్లైల్ బాధ్యత కాదు. విధానం సరైనదా కాదా అన్నదే అతని ముందున్న ప్రశ్న. కాబట్టి ‘బెల్ నిర్దోషి అని నివేదిక తేల్చింది’ అని రాయడం ఎంత తప్పో, ‘బెల్ నేరం చేశాడు’ అని రాయడం అంత తప్పు. ‘ఒక ఆరోపణ వచ్చింది, చర్చి దాన్ని తగినంతగా పరీక్షించకుండా అంగీకరించింది, తరువాత వెనక్కు తగ్గింది’ అన్నంతవరకే ఆధారాలు అనుమతిస్తాయి. జీవితచరిత్రకారుడు అక్కడే ఆగాలి. ఫిర్యాదు చేసిన మహిళను అబద్ధాలకోరుగా చిత్రించే హక్కు కూడా ఆ ఆధారాలు అతనికి ఇవ్వవు.

5. రెండు కాలక్రమాలు: ఒక పద్ధతి ప్రతిపాదన

పై మూడు ఉదంతాలలోను జరిగిన చర్యకు ఒక తేదీ, దానిని గురించిన ఎరుకకు మరొక తేదీ ఉన్నాయి. జీవితచరిత్రలు సాధారణంగా మొదటి తేదీల వరుసనే అనుసరిస్తాయి. రెండవదాన్ని ‘తరువాత వెలుగుచూసిన విషయాలు’ అని ఒక్క వాక్యంలో ముగిస్తాయి. కాని చరిత్రకు సంబంధించిన అసలు ప్రశ్నలు ఆ రెండవ వరుసలోనే ఉంటాయి.

సావిల్ జీవితంలో నాలుగు సంవత్సరాలను తీసుకుని ఈ రెండు వరుసలను పక్కపక్కన పెట్టి చూద్దాం. 1964లో అతడు జాతీయ టీవీ తెరమీద తొలిసారి ‘టాప్ ఆఫ్ ది పాప్స్’ నడిపాడు. అదే సంవత్సరపు లండన్ పోలీసుల రహస్య సమాచార పుస్తకంలో అతని పేరు ఉంది. 1974లో అతని ఆత్మకథ వెలువడింది. ఇంటినుంచి పారిపోయిన ఒక బాలికను పోలీసులకు అప్పగించే ముందు రాత్రంతా తనవద్ద ఉంచుకున్నానని అందులో అతడే గొప్పగా చెప్పుకున్నాడు. ఆ పుస్తకం అచ్చయింది, అమ్ముడయింది. 2009 అక్టోబరులో సర్రే పోలీసులు అతణ్ణి ప్రశ్నించారు. అదే నెలలో కేసు నడపరాదని ప్రాసిక్యూషన్ విభాగం నిర్ణయించింది. 2011 డిసెంబరులో బీబీసీ ‘న్యూస్‌నైట్’ అతనిపై చేపట్టిన పరిశోధనను నిలిపివేసింది. అదే నెల క్రిస్మస్ సందర్భంగా ఆ సంస్థ అతనికి నివాళి కార్యక్రమాలు ప్రసారం చేసింది. పోలీసు వ్యవస్థ పనితీరును సమీక్షించిన 2013 మార్చి నివేదిక ప్రకారం, అతని జీవితకాలంలో పోలీసు రికార్డులకెక్కినవి ఐదు ఆరోపణలు, రెండు రహస్య సమాచారాలు మాత్రమే.

ఇలా రాసినప్పుడు రచయిత ఒక్క విశేషణమైనా వాడనవసరం లేదు. ‘రాక్షసుడు’ అన్న పదం అవసరం పడదు. ఆ పదం వాస్తవానికి సంస్థలకు మేలు చేస్తుంది. రాక్షసుడు మాయావి కాబట్టి ఎవరూ గుర్తించలేకపోయారని చెప్పుకొనే వీలు కలుగుతుంది. తేదీల వరుస ఆ వీలును తొలగిస్తుంది. సావిల్ బతికి ఉండగానే అతనితో అనేకసార్లు మాట్లాడిన డాన్ డేవిస్ 2014లో ప్రచురించిన జీవితచరిత్రకు, ‘కళ్ళెదుటే’ అనే అర్థం వచ్చే పేరు పెట్టడం ఈ కారణంగా సముచితం.

ఎరుక కాలక్రమం మరో పొరపాటును కూడా సవరిస్తుంది. ‘మరణానంతరం బయటపడిన నేరం’ అన్న మాట, ఈ వ్యాసం శీర్షికలోని ‘మరణానంతర అపకీర్తి’ అన్న మాటతో సహా, ప్రేక్షకుల వైపు నుంచి చెప్పినది. బాధితులకు అది ఏనాడూ బయటపడవలసిన విషయం కాదు. జరిగిన రోజునుంచీ వారికి తెలుసు. పలువురు చెప్పారు కూడా. చెప్పినచోట వినలేదు. స్టోక్ మాండెవిల్ ఆసుపత్రిలో సావిల్ బతికి ఉన్న కాలంలోనే ఫిర్యాదులు వెళ్ళినట్లు 2015 నివేదిక నమోదు చేసింది. కాబట్టి ఎరుక కాలక్రమం మొదలవవలసినది పత్రికలో వార్త వచ్చిన రోజున కాదు, మొదటి బాధితులు మొదటిసారి నోరు తెరిచిన రోజున.

బెల్ ఉదంతంలో ఇదే పద్ధతి వ్యతిరేక దిశలో ఉపయోగపడుతుంది. 2015 ప్రకటన, 2017 నివేదిక, 2019 నిర్ణయం, 2021 క్షమాపణ ఒక వరుసలో నిలిచినప్పుడు, అపకీర్తి కూడా ఒక చారిత్రక ఘటనేనని, దానికీ కారణాలూ కర్తలూ ఉంటారని, దాన్ని కూడా పరీక్షించవలసిందేనని పాఠకునికి అర్థమవుతుంది.

6. తెలుగులో పదప్రయోగ సమస్య

ఇటువంటి జీవితాలను తెలుగులో రాసేటప్పుడు కొన్ని ప్రత్యేక సమస్యలు ఎదురవుతాయి. మొదటిది న్యాయపదజాలం. ‘ఆరోపణ’, ‘అభియోగం’, ‘నిర్ధారణ’, ‘దోషిగా తీర్పు’ అనే నాలుగింటినీ మన పత్రికలు తరచు కలగలిపి వాడుతుంటాయి. ఆరోపణ ఎవరైనా చేయగలరు. అభియోగం న్యాయస్థానంలో మోపబడాలి. నిర్ధారణ ఒక విచారణ సంఘం కూడా చేయవచ్చు. దోషిగా తీర్పు న్యాయస్థానం మాత్రమే ఇవ్వగలదు, మరణించినవారి విషయంలో అది జరగదు. కాబట్టి సావిల్ గురించి ‘న్యాయస్థానం దోషిగా తేల్చిన’ అని రాయకూడదు. ‘పలు అధికారిక విచారణలు నిర్ధారించిన’ అని రాయవచ్చు. గిల్ గురించి ‘తన డైరీలలో తానే నమోదు చేసుకున్న’ అని రాయాలి. బెల్ గురించి ‘ఆరోపణ’ దాటి ముందుకు పోకూడదు.

రెండవది మెత్తని మాటల సమస్య. మన జీవితచరిత్రలలో ‘రసికుడు’, ‘చపలచిత్తుడు’, ‘స్త్రీవిషయంలో కొంత బలహీనత ఉండేది’, ‘ఆయన జీవితంలో మరో కోణం’ వంటి మాటలు కనిపిస్తాయి. ఇవి ఇష్టపూర్వక సంబంధానికీ, బలప్రయోగానికీ, పిల్లలపై అత్యాచారానికీ ఒకే తెర కప్పుతాయి. పైగా ‘బలహీనత’ అనే మాట అధికారం ఉన్నవానిని జాలిపడవలసినవానిగా మార్చుతుంది. జరిగినది ఏమిటో తెలిసినప్పుడు దానికి ఉన్న పేరుతోనే చెప్పాలి. తెలియనప్పుడు సూచనప్రాయమైన మాట వాడి పాఠకుని ఊహకు వదలకూడదు.

మూడవది సర్వనామం. తెలుగు వాక్యం ‘ఆయన చేశారు’, ‘అతడు చేశాడు’ అనే రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోక తప్పదు. బాల్యం, కీర్తి వర్ణించే అధ్యాయాలలో ‘ఆయన’గా ఉన్నవాడు నేరం ప్రస్తావనకు రాగానే ‘అతడు’ కావడం వ్యాకరణం ద్వారా తీర్పు చెప్పడమే. కడదాకా ‘ఆయన’ అనడం బాధితులకు కష్టం కలిగిస్తుందనే వాదన కూడా కాదనరానిది. గౌరవవాచకాన్ని బహుమతిగానో శిక్షగానో వాడకుండా గ్రంథమంతటా ఒకే రూపాన్ని పాటించి, ఆ ఎంపికను పీఠికలో చెప్పడం ఉత్తమం. ఈ వ్యాసం ముగ్గురికీ ‘అతడు’ అనే రూపాన్నే వాడింది. బిషప్‌కు ఒక రూపం, మిగతా ఇద్దరికి మరొకటి వాడలేదు. బిరుదుల విషయంలోను ఇదే జాగ్రత్త అవసరం. బ్రిటిష్ నైట్ హోదా మరణంతోనే ముగుస్తుంది. కాబట్టి సావిల్ బిరుదును ‘రద్దు చేశారు’ అని రాయడం తప్పు. ‘1990లో ఇచ్చారు’ అన్నది చరిత్ర. ఎవరు, ఎందుకు, ఏమి తెలిసి ఇచ్చారన్నది దాని తరువాతి ప్రశ్న.

7. బాధితుల స్థానం, చట్టపరమైన పరిధులు

బ్రిటిష్ చట్టం ప్రకారం మరణించినవారి పరువునష్టానికి దావా ఉండదు. బతికి ఉన్న ప్రముఖుని గురించి రాయడానికి జంకిన పత్రికలకు అతని మరణం స్వేచ్ఛనిస్తుంది. అపకీర్తి మరణానంతరమే రావడానికి గల కారణాలలో ఇదొకటి. భారతదేశంలో పరిస్థితి కొంత భిన్నం. భారతీయ శిక్షాస్మృతి 499వ సెక్షన్ మొదటి వివరణ, దాని స్థానంలో 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలోని 356వ సెక్షన్ ప్రకారం, మరణించినవారిపై చేసిన నిందారోపణ కూడా పరువునష్టం కావచ్చు. ఆ వ్యక్తి బతికి ఉంటే ప్రతిష్ఠకు భంగం కలిగించేదై, కుటుంబసభ్యుల లేదా దగ్గరి బంధువుల మనసు నొప్పించే ఉద్దేశంతో చేసినదై ఉండాలి. ప్రజాహితం కోసం ప్రచురించిన సత్యానికి చట్టం మినహాయింపు ఇస్తుంది. కాబట్టి ఆధారాలను శ్రేణులుగా విభజించి రాయడం పద్ధతికి సంబంధించిన విషయమే కాక, పరిశోధకునికి రక్షణ కూడా.

అదే సంహితలోని 72వ సెక్షన్ అత్యాచార బాధితుల గుర్తింపును వెల్లడించడాన్ని నిషేధిస్తుంది. చట్టం మాట అటుంచినా, ప్రముఖుని జీవితచరిత్రలో బాధితుల ఉనికి కేవలం సాక్ష్యంగా మిగలకూడదు. గిల్ కుమార్తెలలో ఒకరు వృద్ధాప్యంలో తండ్రిని గురించి కోపం లేకుండానే మాట్లాడారు. ఆ మాటలను చూపి నేరం చిన్నదని వాదించడం అన్యాయం. ఆమె అలా మాట్లాడకూడదని దిద్దబోవడం కూడా అన్యాయమే. నేరం ఎంతటిదన్నది బాధితుల స్పందన స్థాయిని బట్టి నిర్ణయమయ్యేది కాదు. వారు చెప్పినదాన్ని వారు చెప్పినట్టుగా నమోదు చేసి, రచయిత తన అంచనాను వేరుగా చెప్పాలి.

మన విశ్వవిద్యాలయాలలో ‘జీవితం – సాహిత్యం’ అనే శీర్షికతో వెలువడే సిద్ధాంతగ్రంథాలకు ఈ చర్చతో ప్రత్యక్ష సంబంధం ఉంది. వాటిలో మొదటి అధ్యాయం తరచుగా కుటుంబం ఇచ్చిన సమాచారంతో తయారవుతుంది. కాగితాలు ఇచ్చిన కుటుంబానికి నొప్పి కలిగించకూడదన్న మొహమాటం పరిశోధకునికి సహజం. స్పైట్ నుంచి మెకార్తీ దాకా గడిచిన 23 ఏళ్ళు ఆ మౌనానికి అయ్యే వెలను చూపుతున్నాయి. ‘కుటుంబసభ్యులు అందజేసిన సామగ్రి మేరకు’ అని, చూడటానికి వీలు కలగని పత్రాలు ఇవి అని, అధ్యాయం మొదట్లోనే స్పష్టంగా రాస్తే తరువాతి పరిశోధకునికి దారి మూసుకుపోదు.

8. ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. మరణానంతరం వెల్లడైన నేరాన్ని చివరి అధ్యాయానికి పరిమితం చేయకూడదు. అది జరిగిన కాలంలో, దానికి వీలు కల్పించిన పరిస్థితుల నడుమనే చెప్పాలి.

2. వ్యక్తి జీవిత కాలక్రమంతో పాటు ఎరుక కాలక్రమాన్ని నడపాలి. అది బాధితుల తొలి మాటతో మొదలవ్వాలి. విన్నవారిని, వినలేదన్నవారిని, దాచినవారిని పేర్కొనాలి.

3. గిల్ డైరీలు, సావిల్ విచారణలు, బెల్‌పై ఆరోపణ ఒకే తూకానికి వచ్చే ఆధారాలు కావు. ఆధారం మారినప్పుడు క్రియాపదం కూడా మారాలి.

4. కీర్తిని, సత్కార్యాలను తొలగించడం పరిష్కారం కాదు. అవి లేకుండా నేరం ఎలా సాధ్యమైందో, అంతకాలం ఎలా సాగిందో వివరించలేము.

5. పూర్వ జీవితచరిత్రలను, నివాళి వ్యాసాలను తప్పుడు పుస్తకాలని పారవేయకూడదు. ఏ కాలం ఏమి వినడానికి సిద్ధంగా లేదో చెప్పే ఆధారాలు అవే.

స్కార్‌బరోలో సావిల్ సమాధి మీద నేడు ఫలకం లేదు. వెస్ట్‌మిన్‌స్టర్ కెథీడ్రల్‌లో గిల్ చెక్కిన 14 ఫలకాల ముందు భక్తులు నేటికీ ప్రార్థిస్తున్నారు. ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్నది ఆయా సమాజాలు నిర్ణయించుకునే విషయం. జీవితచరిత్రకారుని బాధ్యత అంతకంటె పరిమితమైనది: ఆ నిర్ణయం తీసుకోబోయేవారికి ఏమి జరిగింది, ఎవరికి తెలుసు, ఎలా తెలుసు అన్న మూడు ప్రశ్నలకు ఆధారాలు అనుమతించినంత మేర సమాధానం అందించడం.